చల్లారిన నూనెలో మందు

మా తోడికోడలికి అడక్కుండానే అన్నీ వస్తాయి. సిటీ బస్సులో నిలబడిందంటే ఎవరో ఒకరు లేచి సీటిస్తారు. రైతు బజారులో కొత్తిమీర కట్ట ఊరికే ఆమె సంచిలో పడుతుంది. ఇంట్లో కోడికూర వండితే కార్జం ముక్క నేరుగా ఆమె కంచంలోకే వెళ్తుంది. నాకు అడిగినా రావు. దీన్ని అసూయ అంటారని నాకు తెలుసు. దానికి ఇంకో మర్యాదైన పేరు పెట్టుకునే ఓపిక నాకు లేదు.

ఆమె మా మరిది భార్య. పటమటలో మా అత్తగారి ఇంట్లో కింద వాటాలో మేము, పై వాటాలో వాళ్ళు ఉంటాం. నేను కోడలిగా వచ్చిన చాలా ఏళ్ళకి ఆమె వచ్చింది. ఇద్దరం కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చేశాం. మార్కులు కూడా ఇంచుమించు ఒకటే. ఆ సంగతి పెళ్ళిచూపుల నాడే ఆరా తీసి పెట్టుకున్నాను.

మా అత్తగారు నర్సుగా చేసి రిటైరయ్యారు. ఎంతోమంది నాడి చూసిన మనిషి, కోడళ్ళ దగ్గరికొచ్చేసరికి మాత్రం ఒక్కరి నాడే చూస్తారు. చిన్న కోడలు వచ్చిన కొత్తలోనే నన్ను పిలిచి, "పెద్దమ్మాయ్, మీ కంపెనీలో చిన్నమ్మాయిక్కూడా ఏదన్నా ఉద్యోగం చూడమ్మా. ఇద్దరూ ఒకే బండి మీద పోయి రావచ్చు" అన్నారు. చూడనని చెప్పడానికి నాకు తగిన కారణం దొరకలేదు. మేనేజరు గారికి చెప్పాను. ఆయన ఆమెతో కాసేపు మాట్లాడి, "ఇంత మంచి క్యాండిడేట్‌ని ఇంట్లో పెట్టుకుని ఇన్నాళ్ళూ చెప్పలేదేంటండీ?" అని నన్నే నిలదీశారు. మర్నాటి నుంచి నా కడుపుమంట నా స్కూటీ వెనక సీటు మీదే కూర్చుని ఆఫీసుకు రావడం మొదలుపెట్టింది.

మాది ఆటోనగర్‌లో చిన్న యూనిట్. ఒక పక్క లారీలకి బాడీలు కట్టే షెడ్డు, ఇంకో పక్క లేత్ వర్క్‌షాపు. మధ్యలో ఇరుకు రేకుల షెడ్డులో మేం ముడి చమురులో కలిపే మందు తయారుచేస్తాం. డెల్టాలో నేల కింద చమురుందని బయటివాళ్ళకి చెబితే వింతగా చూస్తారు. ఇక్కడ వరి, చేపలు, రొయ్యలే ఉంటాయని వాళ్ళ లెక్క. కానీ కైకలూరు అవతల చేపల చెరువుల మధ్య అక్కడక్కడా చమురు బావులున్నాయి. పైపుల్లో ఆ నూనె దగ్గర్లోని స్టేషనుకి చేరుతుంది, అక్కడి నుంచి ట్యాంకర్లలో పోతుంది.

ఆ నూనెలో మైనం ఎక్కువ. బావిలోంచి వచ్చేటప్పుడు వేడిగా, పలచగా ఉంటుంది. చల్లారేకొద్దీ చిక్కబడుతుంది. ఇంకా చల్లారితే చలికాలంలో సీసాలో కొబ్బరినూనె బిగుసుకున్నట్టు బిగుసుకుంటుంది. క్రిస్మస్ నెల వచ్చిందంటే తెల్లవారేసరికి పైపులో కదలనని మొండికేస్తుంది. పంపు ఎంత తోసినా లైనులో ప్రెషరు పెరుగుతుందే తప్ప నూనె అవతలికి చేరదు. అప్పుడు వేడినీళ్ళతో, వేడినూనెతో దాన్ని బతిమాలుకోవాలి.

ఆ అవస్థ లేకుండా చేసేదే మా మందు. నూనె చల్లారేటప్పుడు అందులోని మైనం సన్నటి రేకులుగా విడిపోతుంది. ఆ రేకులు ఒకదాన్నొకటి పట్టుకుని వలలాగా అల్లుకుంటాయి. మిగతా నూనె ఆ వలలో చిక్కుకుని ఆగిపోతుంది. మందు ముందే కలిసి ఉంటే అది రేకుల మధ్య చేరి, వాటిని చేతులు కలపనివ్వదు. నూనె చల్లబడ్డా పారుతూనే ఉంటుంది. ఎవరినీ కలవనివ్వకుండా మధ్యలో చేరడమనే పని నాకు తొందరగా అర్థమైంది. అందుకే ఈ ఉద్యోగంలో రాణించానని మా ఆయన అంటుంటారు.

ల్యాబ్‌లో నా పని ఆ మందు పాళ్ళు కుదర్చడం, పరీక్ష చేయడం. నూనెని గాజు జాడీలో పోసి, ఐసు నీళ్ళలో పెట్టి, కొంచెం కొంచెంగా చల్లబరుస్తూ మధ్యమధ్య జాడీని వంచి చూడాలి. పూర్తిగా పక్కకి వంచినా నూనె కదల్లేదంటే అక్కడితో దాని పని అయిపోయినట్టు. మందు కలిపిన నూనె ఇంకా చాలా చలి తట్టుకోవాలి. అలా ఏళ్ళ తరబడి జాడీలు వంచుతూ కూర్చున్నాను. పక్కన వెల్డింగు మెరుపులు, లేతు రొద, జాడీల మీద ఇనుప రజను. నేను తయారుచేసిన మందు పైపులో ఎలా పనిచేస్తుందో ఒక్కసారైనా కళ్ళతో చూడలేదు. నాకు నూనె జాడీలోనే తెలుసు. అది పారే చోటికి నన్నెవరూ తీసుకెళ్ళలేదు.

నాకున్న కోరిక అదొక్కటే. చమురు కంపెనీ వాళ్ళు మా మందుని శాశ్వతంగా తీసుకుంటే, మా యూనిట్ అక్కడే స్టేషను దగ్గర ఒక గది కట్టి, ఒక సైట్ ఇన్‌ఛార్జిని పెడుతుందని మేనేజరు గారు ఎప్పటి నుంచో చెబుతున్నారు. ఆ కుర్చీ నాదేనని నేను మనసులో రాసేసుకున్నాను. చర్చిలో మోకాళ్ళ మీద ఉన్నప్పుడు కూడా దేవుడికి వివరాలతో సహా విన్నవించుకున్నాను.

మొన్నటి చలికాలానికి ముందు ఆ అవకాశం వచ్చింది. ఒక బావి నుంచి స్టేషనుకి వచ్చే లైనులో మా కొత్త మందు వాడి చూస్తామన్నారు. చలి రోజుల్లో లైను ఆగకుండా పారితే ఆర్డరు మాదే. ఆ మందు నేను ఎంతో కాలం కుస్తీపట్టి కుదిర్చింది. ట్రయల్ చూసుకోవడానికి మాత్రం మేనేజరు గారు మా తోడికోడల్ని పంపారు.

"అక్కడ చెరువుల వాళ్ళతోటి, ఆపరేటర్లతోటి మాట్లాడాలి కదండీ" అన్నారు నాతో. "ఆ అమ్మాయైతే అందర్నీ కలుపుకుపోద్ది. మీరు లేకపోతే ఇక్కడ ల్యాబ్ నడవదండీ."

పొగడ్తలో చుట్టి మనిషిని పక్కన పెట్టడం ఎలాగో ఆయన దగ్గరే నేర్చుకోవాలి. ఒళ్ళు మండిపోయింది. "అలాగేనండీ" అన్నాను.

ఆమె రోజూ కారులో వెళ్ళొచ్చేది. వచ్చేటప్పుడు ఊరికే రాదు. ఆ పైపు ఒక పెద్ద చేపల చెరువు పక్కగా పోతుంది. ఆ చెరువు లీజుకు తీసుకున్న పెద్దాయన ఆమెకి వారం తిరక్కుండానే బాబాయి గారైపోయాడు. ఒక రోజు శీలావతి, ఒక రోజు బొచ్చె కవరులో వేసి ఇచ్చి పంపేవాడు. మా అత్తగారు ఆ చేపని కడుగుతూ, "చిన్నమ్మాయి ఎక్కడికెళ్ళినా నలుగురూ సొంత పిల్లలాగా చూస్తారు" అని మురిసిపోయేవారు. నేనూ తిన్నాను. చేప చాలా రుచిగా ఉంది. బాగాలేకపోతే కొంచెం ఊరటగా ఉండేదేమో.

సాయంత్రం రాగానే సైటు విశేషాలన్నీ చెప్పాలని ఆమెకి ఉత్సాహం. "అక్కా, ఈ రోజేమైందో తెలుసా" అని మొదలుపెట్టేది. నేను కూరగాయలు తరగడమో, బట్టలు మడతపెట్టడమో పెట్టుకునేదాన్ని. నేను చూడని పైపు గురించి ఆమె నోటి వెంట వినడం నా వల్ల కాలేదు. అందుకే ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. మందు పంపు ఎక్కడ బిగించారని కూడా అడగలేదు.

చలి ముదిరింది. ట్రయల్ తడబడింది. తెల్లవారుజామున ఆ లైనులో ప్రెషరు పెరిగిపోతోందని, పంపు ఆగిపోతోందని కబురొచ్చింది. మందు పాళ్ళు పెంచి చూశారు. మార్పేమీ లేదు. బావి దగ్గర పట్టిన నూనె నాకు డబ్బాల్లో వచ్చేది. దాన్ని మళ్ళీ వేడిచేసి, మందు కలిపి, చల్లబరిచి జాడీ వంచితే చక్కగా పారేది. ఇక్కడ జాడీలో పారే నూనె అక్కడ పైపులో ఎందుకు పారదో ఎవరికీ అర్థం కాలేదు. అర్థం కానప్పుడు తప్పుని ఎదుట లేని మనిషి మీదికి నెట్టడం తేలిక కదా. మేనేజరు గారు నా టేబుల్ దగ్గరికొచ్చి, "మందులోనే ఏదన్నా తేడా ఉందేమోనండీ, ఒకసారి చూడండి" అన్నారు.

ఆ మాటకి నాకు ఎంత కోపమొచ్చిందంటే జాడీ కింద పెట్టి, "నేనే వచ్చి చూస్తాను" అన్నాను. ఆ వారం లోపల తేలకపోతే ట్రయల్ ఆపేస్తామని చమురు కంపెనీ వాళ్ళు చెప్పేశారు. ఆయనకి కూడా నన్ను తీసుకెళ్ళడం తప్ప దారి లేకపోయింది.

మర్నాడు పొద్దున్నే ముగ్గురం బయల్దేరాం. ముందు సీట్లో మేనేజరు గారు, వెనక మేమిద్దరం. దారంతా ఆమె దిగాలుగా ఉంది. "నీ మందుకి చెడ్డపేరు తెస్తున్నానేమో అక్కా" అంది. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. కైకలూరు దాటాక ఎటు చూసినా చెరువులే. గట్ల మీద తవుడు బస్తాలు, నీళ్ళ మీద గిర్రున తిరిగే చక్రాలు, తడి మట్టి వాసన. ఇన్నేళ్ళూ నేను చూడాలనుకున్న చోటు ఇదేనని తెలిసేసరికి మనసు ఒక్క క్షణం మెత్తబడింది. కారు ఆగగానే ఆపరేటర్లు ఆమెకి ఎదురొచ్చి, "రండి మేడం, టీ తాగారా?" అని అడిగారు. నన్ను ఎవరని కూడా అడగలేదు. మనసు మళ్ళీ గట్టిపడింది.

రోడ్డు పక్కన కల్వర్టు దగ్గర టార్పాలిన్ కింద మా మందు డ్రమ్ములున్నాయి. పక్కనే మందు పంపు టకటకమంటూ పైపులోకి మందు కొడుతోంది. నేను అక్కడ పైపు మీద చెయ్యి పెట్టాను. చల్లగా ఉంది. అలా తలెత్తి చూస్తే, పైపు రోడ్డు దిగి చెరువు లోపలి అంచు వెంట, నీళ్ళలో మునుగుతూ తేలుతూ, చెరువు అవతలి మూల దాకా కనిపించింది. ఆ మూలనున్న బావి నుంచి వేడినూనె బయల్దేరుతోంది. చెరువు నీళ్ళలో పడి ఇంత దూరం వచ్చేసరికి అది చల్లారిపోతోంది. అప్పుడు దానిలో మందు పడుతోంది.

నాకు అంతా అర్థమైంది. ఆమెని పక్కకి పిలిచి చెవిలో చెప్పొచ్చు. నేను చెప్పలేదు. చమురు కంపెనీ అధికారి వచ్చేదాకా ఆగాను. మేనేజరు గారు, ఆపరేటర్లు, చెరువు పెద్దాయన అందరూ చుట్టూ చేరేదాకా ఆగాను.

"ఈ పంపు ఇక్కడ ఎందుకు పెట్టించావు?" అన్నాను, అందరికీ వినబడేట్టు.

"బావి దగ్గరే పెడదామనుకున్నానక్కా. గట్టు మీద డ్రమ్ములు పెడితే, ఒలికి నీళ్ళల్లో పడితే చేపలు పోతాయని బాబాయి గారు భయపడ్డారు. పాపం, ఆయన పెట్టుబడంతా అందులోనే ఉంది. ఇక్కడైతే ఎవరికీ ఇబ్బంది ఉండదని..."

"ఎవరికీ ఇబ్బంది లేదా? నూనెకి ఇబ్బందమ్మా! వేడిగా ఉన్నప్పుడు కలపాల్సిన మందు, చెరువంతా ఈదుకొచ్చి చల్లారాక కలుపుతున్నావు. మైనం అప్పటికే పేరుకుపోయింది. ఇంక మందు పోస్తే ఎంత, పోయకపోతే ఎంత? ఫ్రిజ్‌లోంచి తీసిన పాలల్లో మజ్జిగచుక్క వేస్తే పెరుగు తోడుకుంటుందా? ఎమ్మెస్సీలో నువ్వు చదివింది ఏంటి అసలు?"

మేనేజరు గారు నేల చూపులు చూస్తున్నారు. ఆ రెండు మూడు క్షణాలు నాకెంత హాయిగా ఉందో చెప్పలేను. అందర్నీ కలుపుకుపోయే ఆ మంచితనమే ట్రయల్‌ని ముంచిందని నలుగురిలో తేలిపోయింది. ఇప్పుడు ఆమె కళ్ళనీళ్ళు పెట్టుకుంటుంది, నేను కొంచెం జాలిపడొచ్చు అనుకుంటూ నిలబడ్డాను.

ఆమె వంగి పైపు మీద చెయ్యి పెట్టింది. అలాగే కాసేపు ఉంచి, "నిజమే అక్కా. ఇన్ని రోజులున్నా ఇక్కడ చెయ్యి పెట్టి చూడనే లేదు" అంది. తరవాత ఆ అధికారి వైపు తిరిగి, "తప్పు నాదేనండీ. మా అక్క చేసిన మందులో ఏ లోపమూ లేదు. నేనే పెట్టకూడని చోట పెట్టించాను. రేపటికల్లా మార్పిస్తాను" అంది.

తిట్టింది నేను, నా మందుని కాపాడింది ఆమె. నా హాయి అక్కడితో సరి.

ఇంక పంపుని బావి దగ్గరికి చేర్చాలి. దానికి చెరువు పెద్దాయన ఒప్పుకోవాలి. పెద్దదాన్ని కదా అని నేనే ముందుకెళ్ళి, మా మందు పక్కాగా ఉంటుందని, డ్రమ్ములు కారవని, పైపు వేసినప్పుడే కంపెనీకి గట్టు మీద హక్కు వచ్చిందని చెప్పాను. ఆయన కండువా దులుపుకుని, "అయ్యే పని కాదండి. చేపలు తేలితే మీరొస్తారా?" అన్నాడు. ఆమె ఆయన్ని పక్కకి తీసుకెళ్ళి గట్టు మీద చతికిలబడి కూర్చుంది. డ్రమ్ముల కింద సిమెంటు తొట్టి కట్టిస్తానంది, ఒలికినా అందులోనే ఉండిపోతుందని మట్టిలో పుల్లతో గీసి చూపించింది. ఆయన లేచి, "నువ్వు చెప్పావు కాబట్టి ఒప్పుకుంటున్నానమ్మా" అన్నాడు. పోయేటప్పుడు నా వైపు చూడనైనా లేదు.

తొట్టి కట్టారు. పంపు బావి దగ్గరికి చేరింది. వేడినూనెలో మందు పడింది. ముందు పేరుకున్న మైనాన్ని వేడినూనెతో కడిగేసి లైను తెరిచారు. ఆ తరవాత బాగా చలిపెట్టిన పొద్దుటి పూట ఆపరేటరు ఫోన్ చేసి, ప్రెషరు గేజిలో ముల్లు కిందికే ఉందని, నూనె ఆగకుండా పారుతోందని చెప్పాడు. ఫోన్ చేసింది ఆమెకి. ఆమె మెట్లు దిగి మా వంటింట్లోకి పరిగెత్తుకొచ్చి, "అక్కా, పారుతోంది!" అని నా భుజాలు పట్టుకుని ఊపేసింది. నా చేతిలో ఉప్మా గరిటె ఉంది. "సంతోషం" అన్నాను.

ఇంక చూడాలి. ఆఫీసులో స్వీట్లు, ఆమెకి అభినందనలు. ఇంట్లో మా అత్తగారు ఆమెకిష్టమని రొయ్యల ఇగురు. మా ఆయన కూడా భోజనం దగ్గర, "చిన్నమ్మాయి సాధించిందే!" అన్నారు. ఆ పూట అన్నం గిన్నెకి గరిటె కొంచెం గట్టిగానే తగిలింది. ఆయన తలెత్తి నా వైపు చూసి, మళ్ళీ కంచంలోకి తలదించుకున్నారు.

నా బాధ ఎవరితో చెప్పుకోను? ఆమెని నలుగురిలో దించుదామని నోరు తెరిస్తే ఆమె దారిలో ముల్లు తీసినట్టయింది. పోనీ నోరు మూసుకుని ఉండాల్సిందా అంటే, అప్పుడు పాడయ్యేది నా మందు పేరు. ఎటు తిరిగినా గెలుపు ఆమెదే. సైట్ ఇన్‌ఛార్జి కుర్చీ కూడా ఆమెదేనని ఆఫీసులో అందరూ అనేసుకున్నారు. నేను జాడీలు వంచుతూ కూర్చున్నాను. ఆ రోజుల్లో రెండు జాడీలు చెయ్యిజారి పగిలాయి. చలికి వేళ్ళు బిగుసుకుని జారాయని చెప్పాను.

అలాంటప్పుడు మేనేజరు గారు నన్ను తన గదిలోకి పిలిచి, సైట్ ఇన్‌ఛార్జి మీరేనని చెప్పారు. ఎందుకు నన్ను ఎంచుకున్నారని అడిగితే, "అన్నీ ఆలోచించే అనుకున్నామండీ" అన్నారు. చివరికి నా పనితనం కనబడిందన్నమాట. రేకుల వేడిలో, రొదలో ఇన్నేళ్ళు చేసిన చాకిరీకి దేవుడు లెక్క తేల్చాడు. ఆ రోజు స్కూటీ నడుపుతుంటే వెనక సీట్లో ఆమె ఉన్నా బరువనిపించలేదు.

ఇంటికెళ్ళాక అందరి ముందూ చెప్పాను. ఆమె వచ్చి నన్ను గట్టిగా వాటేసుకుంది. నేను ఆమె మొహాన్ని పరీక్షగా చూశాను. అసూయ ఎలా ఉంటుందో నాకు తెలుసు కాబట్టి ఎక్కడ వెతకాలో కూడా తెలుసు. కంటి చివర్లలో ఉంటుంది, నవ్వు ఆగిపోయే చోట ఉంటుంది, ఒక క్షణం ఆలస్యంగా వచ్చే మాటలో ఉంటుంది. ఎంత వెతికినా దొరకలేదు. బాగా దాచుకుందిలే అనుకున్నాను. అప్పటికి అలా అనుకుంటేనే నాకు నిద్రపట్టేట్టుంది.

ఆదివారం చర్చికి వెళ్ళాం. పాటలయ్యాక సాక్ష్యాలు చెప్పే వేళ వచ్చింది. ఆ వారంలో దేవుడు తమకి చేసిన మేలేదైనా ఉంటే లేచి, మైకు అందుకుని సంఘం అంతటికీ చెప్పుకోవడం మా దగ్గర మామూలే. జ్వరం తగ్గిన వాళ్ళు, పరీక్ష పాసైన పిల్లలు, మనవరాలు పుట్టినవాళ్ళు చెప్పారు. తరవాత మా తోడికోడలు లేచింది. ముసుగు సర్దుకుని మైకు పట్టుకుంది.

"అందరికీ వందనాలండీ. నేను చేస్తున్న పనిలో ఒక పెద్ద తప్పు చేశాను. అది నాకు కూడా తెలీదు. మా అక్క వచ్చి పైపు మీద చెయ్యి పెట్టి ఒక్క నిమిషంలో కనిపెట్టేసింది. అంతమందిలో నన్ను గట్టిగా మందలించింది. పరాయిదాన్నయితే ఎవరు అంత గట్టిగా మందలిస్తారండీ? సొంత చెల్లెలనుకుంది కాబట్టే మందలించింది. అక్క నోట ఆ మాట దేవుడే పెట్టాడు."

"స్తోత్రం" అన్నారు అందరూ. ఆ మాట నా నోట ఎవరు పెట్టారో నాకు తెలుసు. నేను ముందు వరస కుర్చీ వెనక భాగం చూస్తూ కూర్చున్నాను.

"పని బాగా జరిగాక, మా మేనేజరు గారు పిలిచి సైట్ ఇన్‌ఛార్జి ఉద్యోగం నన్ను చెయ్యమన్నారండీ. నేను అబద్ధం మీద కూర్చోలేనని చెప్పాను. ఆ రోజు అక్క రాకపోతే ఆ పని ఆగిపోయేది, ఆ కుర్చీ అక్కదేనండీ అని చెప్పాను. ఆయన దయతో ఒప్పుకున్నారు. మా అక్క రేపట్నుంచి అంత దూరం పోయి రావాలి. మీరంతా అక్క కోసం ప్రార్థన చెయ్యండి."

మళ్ళీ స్తోత్రం. ఈసారి ఇంకా గట్టిగా. నాకు చెవుల్లో లేతు తిరిగినట్టుంది. నా పనితనం కనబడిందనుకున్నది, దేవుడు లెక్క తేల్చాడనుకున్నది, అంతా ఆమె ఒక్క మాటతో ఇచ్చేసిందే. ఆమె వద్దనుకుంటే నాకు వచ్చింది. పాస్టరు గారు చిరునవ్వుతో నా వైపు చెయ్యి చాపి, "అమ్మగారు కూడా రెండు మాటలు..." అన్నారు. మైకు నా చేతికొచ్చింది. లేచి నిలబడ్డాను. "అందరికీ వందనాలు" అని కూర్చుండిపోయాను.

మా అత్తగారు పక్కావిడ వైపు ఒంగి, "చూశారా, ఎంత తగ్గింపు మనసో. పెద్దమ్మాయిలో ఇంత తగ్గింపు ఉందని నాకే తెలీదు" అన్నారు కళ్ళు తుడుచుకుంటూ. కోడలిగా వచ్చిన దగ్గర్నుంచి ఆవిడ నన్ను మెచ్చుకున్న మొదటి మాట అది. అది కూడా ఆమె పుణ్యమే.

ఇప్పుడు నేను రోజూ సైటుకే వెళ్తున్నాను. గది కట్టారు, టేబుల్ వేశారు, నాకోసం కారు వస్తుంది. బావి దగ్గర పైపు మీద చెయ్యి పెడితే వేడిగా తగులుతుంది. స్టేషను దగ్గర చెయ్యి పెడితే చల్లగా ఉంటుంది, అయినా లోపల నూనె కదులుతున్న అదురు తెలుస్తుంది. నేను చేసిన మందు అది. ఇన్నేళ్ళు నేను కోరుకున్నది ఇదే. కోరుకున్నది చేతికొస్తే మంట చల్లారుతుందనుకున్నాను. చెరువు పెద్దాయన మాత్రం నన్ను చూసినప్పుడల్లా, "అమ్మాయి గారు ఎట్టా ఉన్నారండీ?" అని ఆమె గురించే అడుగుతాడు. ఒక్క చేప కూడా ఇవ్వడు.

ల్యాబ్‌లో నా స్థానంలో ఆమె కూర్చుంది. రోజూ మధ్యాహ్నం ఫోన్ చేసి గేజి సంగతి అడుగుతుంది. మొన్నొక రోజు పొద్దుటి నుంచీ తలనొప్పి, ఆపరేటర్లతో గొడవ, పైన ఎండ. ఆమె ఫోన్ చేసి ఎప్పట్లాగే, "అన్నం తిన్నావా అక్కా?" అంది. ఇంక నా వల్ల కాలేదు.

"నువ్వు నాకేదో పెద్ద మేలు చేశానని అనుకోకు. ఆ రోజు మేనేజరు గారు ముందు నన్ను పిలిచి ఉంటే నేను నీ పేరు ఎత్తేదాన్నే కాదు. నోరు మూసుకుని తీసేసుకునేదాన్ని. తెలుసా నీకు?" అన్నాను.

ఇప్పుడైనా తగిలిందనుకున్నాను. ఆమె పకపకా నవ్వేసింది.

"ఊరుకో అక్కా, నువ్వా? నువ్వు చెప్పకుండా ఉండగలవా? ఎండలో ఉన్నట్టున్నావు, ముందు పోయి మజ్జిగ తాగు" అంది.

ఉన్న నిజం ఉన్నట్టు మొహం మీదే చెప్పినా నమ్మలేదు. చెప్పండి, ఇలాంటి మనిషి మీద కుళ్ళు పుట్టకుండా ఎవరు మాత్రం బతగ్గలరు?